పాపకు ఈఈజీ తీసిన రోజు, దానికి ముందూ వెనకా

ఆగస్టు 9, శనివారం, రాఖీ పండుగ. నల్లగొండ నుంచి పొద్దున్నే నకిరేకల్ దగ్గరున్న మా అమ్మగారి ఊరికి వెళ్లాం. పాపకు అప్పటికి 22 నెలలు. తమ్ముడికి రాఖీ కడుతుంటే పళ్లెంలో మిఠాయి కోసం చేయి పెట్టిన పిల్ల, నాలుగింటికి కొంచెం డల్ అయింది. ఒళ్లు వెచ్చగా ఉంటే ఎండలో ఆడిందిలే అనుకున్నా. ఆరున్నర దాటాక మా అమ్మ ఒళ్లోనే ఒక్కసారి బిగుసుకుపోయింది. కళ్లు పైకి పోయాయి, కాళ్లూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది, పెదాలు నల్లబడ్డాయి. బిడ్డ చచ్చిపోతోందని అనుకున్నా. ఇది చదివే తల్లులకు దాచకుండా చెప్తున్నా, ఆ క్షణంలో నాకు ఇంకేమీ తోచలేదు.

నిమిషంలో ఇంటి నిండా జనం. ఒకరు పాప గుప్పిట్లో తాళం చెవులు పెట్టారు. ఒకరు ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టారు. నాలుక కరుచుకుంటుందని పక్కింటి పెద్దమ్మ చెంచా పళ్ల మధ్య దూర్చింది, చిగురు తెగి నోట్లోంచి నెత్తురు వచ్చింది. ఆ నెత్తురు చూసి నేను కూలబడ్డా. ఎవరినీ తప్పు పట్టను, అందరూ పిల్ల బతకాలనే చేశారు. కానీ నోట్లో ఏమీ పెట్టకూడదని, పక్కకు తిప్పి పడుకోబెడితే చాలని అక్కడున్న ఇరవై మందిలో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు.

108 వచ్చేసరికి ఫిట్స్ ఆగి పాప మత్తుగా పడుకుంది. నకిరేకల్లో జ్వరం తగ్గే మందు ఇచ్చి నల్లగొండ తీసుకుపొమ్మన్నారు. రాత్రి తొమ్మిదింటికి ఒక పిల్లల ఆస్పత్రిలో చేర్చాం. డాక్టర్ గారు అడిగిన మొదటి ప్రశ్న, "ఎంతసేపు వచ్చింది?"

"పావుగంట ఉంటది సార్" అన్నా. మా అమ్మ ఇరవై నిమిషాలంది. తమ్ముడు ఫోన్ తీసి చూశాడు. 108కు మొదటి కాల్ 6:42కు, "ఆగిపోయింది, అయినా రండి" అని రెండో కాల్ 6:46కు. అంటే మొత్తం నాలుగు నిమిషాలు. నేను పావుగంట అని ఒట్టేసి చెప్పేదాన్ని. డాక్టర్ గారు ఆ కాల్ టైములే రాసుకున్నారు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో జ్వరంతో వచ్చే ఫిట్స్ మామూలేనని, ఒళ్లంతా కొట్టుకుని, పావుగంట లోపే ఆగి, 24 గంటల్లో మళ్లీ రాకపోతే భయపడే పని లేదని, పొద్దున ఇంటికి పంపిస్తానని చెప్పారు. ఆ మాటతో కాస్త కళ్లు మూశా.

తెల్లవారుజాము 3:40కి రెండోసారి వచ్చింది. ఈసారి వేరే రకంగా. ఎడమ చేయి ఒక్కటే కొట్టుకుంటోంది, మూతి ఎడమ పక్కకు లాగుతోంది, కుడి చేయి ఊరికే పడి ఉంది. నర్సమ్మ పరుగున వచ్చి పాపను పక్కకు తిప్పి, ముక్కులో మందు స్ప్రే చేసింది. గోడ గడియారం చూసుకున్నా, ఆరు నిమిషాలు. తర్వాత పాప లేచినా ఎడమ చేయి ఎత్తలేదు. బిస్కెట్ ఆ చేతిలో పెడితే జారిపోయింది. పక్షవాతం వచ్చిందనుకుని నేను ఏడ్చిన ఏడుపుకు పక్క బెడ్డు వాళ్లంతా లేచారు. అరగంటలో మెల్లగా వేళ్లు కదిలాయి. ఫిట్స్ తర్వాత కాసేపు ఆ భాగం ఇలా చచ్చుబడి మళ్లీ తేరుకుంటుందని, దాన్ని టాడ్స్ అంటారని డాక్టర్ గారు చెప్పారు. కానీ ఆయన ముఖంలో రాత్రి ఉన్న తేలిక లేదు. ఒకే రోజు రెండుసార్లు, అందులో ఒకటి ఒకే పక్కన వచ్చింది కాబట్టి దీన్ని సాదా జ్వరం ఫిట్స్ లెక్కలో వేయలేనన్నారు. మెదడు పొరల్లో ఇన్ఫెక్షన్ అనుమానం ఉంటే వెన్ను నుంచి నీళ్లు తీయాల్సి రావచ్చన్నారు. సంతకం కాగితం కూడా తెచ్చారు. మా ఆయన పెన్ను పట్టుకుని చాలాసేపు అట్లనే నిలబడ్డాడు.

పొద్దున ఏడింటికి పాప "పాలు" అని అడిగింది. మెడ వంచి చూశారు, పట్టేయలేదు. నన్ను గుర్తుపట్టింది, స్టెతస్కోపు గుంజింది. ఆగి చూద్దామన్నారు. ఆ కాగితం అవసరం రాలేదు.

రక్తంలో షుగర్, సోడియం, కాల్షియం బాగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ మాత్రం 9.1. ఐరన్ తక్కువున్న పిల్లల్లో జ్వరం ఫిట్స్ ఎక్కువగా కనిపిస్తాయని సిరప్ రాశారు. మూడు రోజులు 103 దగ్గరే కాగిన జ్వరం 12వ తేదీ పొద్దున తగ్గింది, తగ్గగానే ఛాతీ మీద, వీపు మీద సన్నటి గులాబీ రంగు దద్దు లేచింది. తట్టు అనుకుని హడలిపోయా. రోజియోలా అనే వైరస్ జ్వరమట, రెండేళ్ల లోపు పిల్లలకు ఎక్కువగా వస్తుంది, జ్వరం పోయాకే దద్దు వస్తుంది, దానంతటదే పోతుంది. అదే రోజు డిశ్చార్జి. బిల్లు 16,400.

మెదడు అలలను గీతలుగా చూపించే ఈఈజీ పరీక్ష తీయించాలన్నారు. ఇప్పుడే తీయించండి సార్, హైదరాబాద్ ఇవాళే పోతాం అన్నా. వద్దన్నారు. ఫిట్స్ వచ్చిన వారం, పది రోజుల దాకా మెదడు అలలు, ముఖ్యంగా తల వెనక భాగంలో, నిదానంగా ఉంటాయట. అప్పుడు తీస్తే అది ఫిట్స్ మిగిల్చిన అలసటా, అసలు లోపమా తేలదు. "మొదటిది ఒక్కటే అయ్యుంటే నేను ఈఈజీ రాసేవాణ్నే కాదమ్మా, రెండో దాని కోసమే రాస్తున్న" అన్నారు. ఆ మాట అప్పుడు నాకు సగమే ఎక్కింది. ఫోన్ చేస్తే హైదరాబాద్‌లో ఆగస్టు 25, సోమవారం పొద్దున 10:30కి ఇచ్చారు.

మధ్యలో పదమూడు రోజులు. ఆస్పత్రి కంటే అవే కష్టంగా గడిచాయి. పాప నిద్రలో ఉలిక్కిపడితే లేచి లైటు వేసేదాన్ని. నుదురు ముట్టుకుని, థర్మామీటర్ పెట్టి, మళ్లీ నుదురు ముట్టుకునేదాన్ని. కుట్టుమిషన్ మీద కూర్చుంటే కుట్టు వంకర పోయేది. వినాయక చవితికి ఇస్తానన్న తొమ్మిది బ్లౌజుల్లో నాలుగు వాపసు ఇచ్చేశా.

పిల్లకు గాలి సోకిందని అత్తమ్మ పట్టు. శుక్రవారం రాత్రి అమావాస్య, చెర్వుగట్టు రామలింగేశ్వర స్వామి గుట్ట మీద నిద్ర చేద్దామంది. మా నల్లగొండ వాళ్లకు ఆ గట్టు మీద ఎంత నమ్మకమో చెప్పక్కర్లేదు, నాకూ ఉంది. కానీ అంత జనంలో మళ్లీ జ్వరం అంటుకుంటే ఎట్లా అని పాపను పంపలేదు. అత్తమ్మ, మా ఆయన వెళ్లి స్వామికి మొక్కి వచ్చారు. తెచ్చిన బొట్టు పాప నుదుట పెట్టాం.

సెంటర్ వాళ్లు ఫోన్లో చెప్పినవి నోట్‌బుక్‌లో రాసుకున్నా. తలకు నూనె ఉండొద్దు, షాంపూతో కడగాలి. రాత్రి 12 దాకా మేల్కొనే ఉంచాలి, 4 గంటలకు లేపాలి, దారిలో నిద్రపోనివ్వొద్దు. అక్కడికి వచ్చాక నిద్రపోవాలి. ఫిట్స్ జాడలు నిద్రపట్టే వేళే బాగా బయటపడతాయట. ఇష్టమైన దుప్పటి, పాల సీసా తెచ్చుకోవాలి. ఆదివారం సాయంత్రం నేను కూరగాయలకు వెళ్లొచ్చేసరికి అత్తమ్మ మనవరాలికి ప్రేమగా తలనిండా కొబ్బరినూనె పెట్టి జుట్టు దువ్వి ఉంది. రాత్రి ఎనిమిదింటికి వేడినీళ్లతో రెండుసార్లు తలంటా. జలుబు చేసి జ్వరం వస్తుందేమోనని తల ఆరేదాకా నా గుండె కొట్టుకుంటూనే ఉంది.

రాత్రి మేల్కొనే ఉంచడం కష్టం కాలేదు. తెల్లవారి నాలుగుకు లేపడమే కష్టం. అంత గాఢంగా నిద్రపోయే బిడ్డను తడిగుడ్డతో ముఖం తుడిచి లేపుతుంటే పాపం చేస్తున్నట్టు ఉండింది. కారు కిరాయికి 3,500 అన్నారు. డబ్బు సంగతి అటుంచి, కారులో అయితే ఎక్కగానే పడుకుంటుందని బస్సుకే వెళ్లాం. ఆధార్ చూపిస్తే నాకు జీరో టికెట్, మా ఆయన ఒక్కడికే టికెట్ తీశాం.

నార్కట్‌పల్లి దాకా బాగానే ఉంది. చిట్యాల దాటాక కళ్లు మూతలు పడటం మొదలైంది. నిలబెట్టా, కిటికీ తీశా, పాట పాడా. పడుకునే పిల్లను గిల్లుతున్నానని వెనక సీటు అవ్వ కోప్పడింది. "తల పరీక్ష ఉందవ్వా, నిద్రపోనియ్యొద్దన్నరు" అని చెప్పా. అవ్వ వెంటనే పాపను తన ఒళ్లోకి తీసుకుని చేతి కడియం ఆడుకోవడానికి ఇచ్చింది. కాలేజీ పిల్లలిద్దరు ఫోన్లో కోతి వీడియోలు పెట్టారు. కండక్టరమ్మ టికెట్ మిషన్ నొక్కనిచ్చింది. అయినా పంతంగి టోల్‌గేట్ దగ్గర బస్సు ఆగగానే ఏడెనిమిది నిమిషాలు నిద్రపోయింది. ఇంత కష్టం వృథా అయిందని ఏడుపొచ్చింది. ఎల్బీనగర్‌లో దిగి మెట్రోలో లక్డీకాపూల్ వెళ్లాం. మెట్రో కిటికీలోంచి ఊరంతా కింద కనిపిస్తుంటే పాప నిద్ర మరిచిపోయింది.

సెంటర్‌లో టెక్నీషియన్ చిన్న వయసు అమ్మాయి. ముందు టేపు తీసింది. ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా కొలిచి, పది పాళ్లు, ఇరవై పాళ్లు లెక్కగట్టి ఎర్ర పెన్సిల్‌తో గుర్తులు పెట్టింది. అది నేను రోజూ చేసే పని. బట్ట మీద సుద్దతో గుర్తు పెట్టడం, పాప తల మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టడం ఒకేలా ఉన్నాయి. ఆ టేపు చూశాకే నా చేతులు వణకడం ఆగింది.

ఇంట్లో అత్తమ్మ భయం ఏంటంటే తలకు కరెంటు పెడతారని. అది అడిగేశా. "లేదక్కా, ఈ వైర్లు వింటాయంతే, లోపలికి ఏమీ పంపవు" అంది. మొత్తం 21 వైర్లు. ఒక్కోచోట జెల్‌తో రుద్ది, చల్లటి పేస్టుతో అంటించింది. నొప్పి లేదు, కానీ తలను అంతసేపు పట్టుకుంటే ఏ పిల్ల ఊరుకుంటుంది? గుక్కపట్టి ఏడుస్తూ ఐదు వైర్లు పీకేసింది. మళ్లీ అంటించి, తలపాగా చుట్టినట్టు గుడ్డ చుట్టారు.

మెలకువగా ఉన్నప్పుడు కొంత రికార్డు చేశారు. చప్పట్లు కొట్టారు, బొమ్మ చూపించారు. తర్వాత ముఖం ముందు దీపం పెట్టి ఒకసారి నెమ్మదిగా, ఒకసారి గబగబా మెరిపించారు. కంటికి వెలుగు ఎంత వేగంగా తగిలితే తల వెనక అలలు అదే తాళంలో జవాబిస్తాయా, లేక ఆ వెలుగుకు ఎక్కడైనా ఫిట్స్ గుర్తులు లేస్తాయా అని చూస్తారట. పాప నా మెడ గట్టిగా పట్టుకుని ఆ దీపం వైపే చూస్తూ ఉండిపోయింది.

నిద్ర మాత్రం రాలేదు. బస్సులో ఆపలేని నిద్ర, లైట్లు తీసి జోకొట్టినా రాలేదు. గంట గడిచింది. మా తర్వాతి వాళ్లు బయట ఎదురుచూస్తున్నారు. చివరికి నిద్రపట్టడానికి ట్రైక్లోఫాస్ అనే సిరప్ తాగించారు. సగం ఉమ్మేసింది, మళ్లీ కొంచెం ఇచ్చారు. 12:10కి కళ్లు మూతపడ్డాయి.

అప్పుడు నేను స్క్రీన్ వైపు చూశా. చూడకుండా ఉండాల్సింది. అప్పటిదాకా సన్నగా పోతున్న గీతలన్నీ ఒక్కసారిగా పెద్ద పెద్ద అలలై లేచాయి, అన్ని వరసల్లో ఒకేసారి. పాప ఒళ్లు కదలడం లేదు గానీ లోపల ఫిట్స్ వస్తోందని "అమ్మా, చూడు, వచ్చింది!" అని అరిచా. ఆ అమ్మాయి నా భుజం మీద చేయి వేసి, ఈ వయసు పిల్లలు మగతలోకి జారేటప్పుడు అలా లేవడం మామూలేనంది. కాసేపటికి అలలు తగ్గి, మధ్య మధ్య కదురు ఆకారంలో సన్నటి కట్టలు రావడం చూపించింది. వాటిని స్పిండిల్స్ అంటారట, అవి మంచి నిద్రకు గుర్తు. రెండు పక్కలా ఉన్నాయా అని నేను ఎడమ వరసలు, కుడి వరసలు మార్చి మార్చి చూస్తూ కూర్చున్నా.

మొత్తం పని ముగిసేసరికి రెండు దాటింది. పరీక్షకు 2,400, దారి ఖర్చులు, తిండి 760. ఆ మందు సాయంత్రం దాకా వదలదని నాకు ఎవరూ చెప్పలేదు. నడిపిస్తే తాగినవాళ్లలా తూలింది, ఊరికే ఏడ్చింది. అడిగితే ఇవాళంతా ఎత్తుకునే ఉండమన్నారు. జుట్టులో గట్టిపడిన పేస్టు వదలడానికి మూడు తలంట్లు, అత్తమ్మ కొబ్బరినూనె కావాల్సొచ్చింది.

రిపోర్టు మర్నాడు సాయంత్రం వాట్సాప్‌లో వచ్చింది. అందులో హిప్నగాగిక్ హైపర్‌సింక్రొనీ అనే మాట ఉంది. రాత్రంతా ఆ మాటనే వెతికా. తెల్లారి చవితి. వినాయకుడికి పత్రి పెడుతున్నా నోట్లో మంత్రానికి బదులు ఆ మాటే తిరిగింది. న్యూరాలజీ మేడం అపాయింట్‌మెంట్ సెప్టెంబర్ 1న. ఫీజు 800, రెండున్నర గంటలు కూర్చుంటే పన్నెండు నిమిషాలు చూశారు, కానీ ఆ పన్నెండు నిమిషాలూ పూర్తిగా మాకే ఇచ్చారు.

నేను వెతికిన ఆ పెద్ద మాట, నేను చూసి అరిచిన ఆ అలల పేరేనట. రిపోర్టు నార్మల్. వయసుకు తగ్గ అలలు, రెండు పక్కలా సమానం, ఫిట్స్ గుర్తులు లేవు. ఇప్పటికి ఎంఆర్ఐ అక్కర్లేదన్నారు. నేను ఊపిరి పీల్చుకుని, అసలు అడగాల్సింది అడిగా. "అయితే మళ్లీ రాదు కదా మేడం?"

"అది ఈ కాగితం చెప్పదమ్మా" అన్నారు. జ్వరం ఫిట్స్ ఒకసారి వచ్చిన పిల్లల్లో ముగ్గురిలో ఒకరికి దాదాపు మళ్లీ వస్తుందట, ఈఈజీ బాగున్నా రావచ్చట. ఆ రోజు తలలో ఏముందో చెప్తుంది గానీ రేపటి జ్వరానికి తల ఎట్లా జవాబిస్తుందో చెప్పదు. జ్వరం మందు కూడా పిల్లకు హాయినిస్తుంది తప్ప ఫిట్స్‌ను ఆపుతుందని నమ్మకం పెట్టుకోవద్దన్నారు. నేను అక్కడే ఏడ్చేశా. ఇన్ని రోజులూ ఆ ఒక్క జవాబు కోసమే ఎదురుచూశా మరి.

తర్వాత ఆమె చెప్పినవి నాకు రిపోర్టు కంటే ఎక్కువ పనికొచ్చాయి. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏదీ పెట్టకపోవడం, గడియారం చూడటం, వీలైతే వీడియో తీయడం. ఐదు నిమిషాలు దాటితే ఫిట్స్ ఆపే మిడజోలం ముక్కు స్ప్రే, 108కు ఫోన్. స్ప్రే ఎన్నిసార్లు కొట్టాలో పాప బరువును బట్టి చీటీ మీద రాశారు. జ్వరం మొదలైన రోజు నుంచి మూడు రోజులు ఫిట్స్ రాకుండా క్లోబజామ్ అనే మందు కూడా ఇవ్వమన్నారు, అది వేస్తే కాస్త తూలుతుందని ముందే చెప్పారు. ఆ స్ప్రే నల్లగొండలో నాలుగు మెడికల్ షాపులు తిరిగితే ఐదో దాంట్లో దొరికింది.

ఇంకో ప్రశ్న అడిగారు. ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు ఇట్లా వచ్చిందా? మా ఆయన లేదన్నాడు.

ఆ రాత్రి అన్నాలు తింటుంటే ఆ మాట ఇంట్లో చెప్పాం. అత్తమ్మ ముద్ద కలపడం ఆపేసింది. చాలాసేపటికి, "వానికి వచ్చేటియి. నాలుగేండ్లు నిండేదాకా, జరం వస్తే చాలు" అంది. మా ఆయన బొడ్డు పక్కన రెండు గుండ్రటి మచ్చలుంటాయి. చిన్నప్పుడు ఏదో కాలిందట అని ఆయన అనేవాడు. అవి వాతలు. మూర్ఛ పోవాలని ఎవరో చెప్తే సూది కాల్చి పెట్టించారు. "ఎవరికి చెప్పుకుంటం బిడ్డా, మూర్ఛరోగం ఇల్లు అంటరు, పిల్లనెవరిస్తరు?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్లు మోసింది ఆ మాటను. నాకు కోపం రాలేదు. ఆయన వెళ్లి వాళ్ల అమ్మ పక్కన కూర్చున్నాడు.

మర్నాడు మేడం క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పాం. తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువేనని, ఆయనకు నాలుగేళ్లకు ఆగిపోయాయి కాబట్టి ఇది ధైర్యం చెప్పే సంగతి కూడా అని అన్నారట. ఆ రోజే మా ఆయన తలగడను పాపలా పడుకోబెట్టి ఇంట్లో అందరికీ చూపించాడు, ఎటు తిప్పాలో, ఫోన్ ఎవరు పట్టుకోవాలో. అత్తమ్మకు గడియారంలో సెకన్ల ముల్లు కనిపించదు. నేను లెక్కపెడతా అంది.

నవంబర్ 11 రాత్రి రెండింటికి వచ్చింది. పడుకునేటప్పుడు జ్వరం లేదు. ఫిట్స్ వచ్చాకే ఒళ్లు ముట్టుకుంటే కాలిపోతోంది, కాబట్టి క్లోబజామ్ వేసే వీలే చిక్కలేదు. నా కాళ్లు వణికాయి గానీ చేతులు పని చేశాయి. ఎడమ పక్కకు తిప్పా. మా ఆయన లైటు వేసి వీడియో తీస్తూ నిలబడ్డాడు, రెండో చేతిలో స్ప్రే. అత్తమ్మ అలవాటుగా గూట్లోని తాళం చెవుల కోసం చేయి చాచింది, మళ్లీ వెనక్కి తీసుకుని పాప కాళ్ల దగ్గర కూర్చుని పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. గొంతు వణుకుతున్నా ఒక్క అంకె తప్పలేదు. స్ప్రే అవసరం పడలేదు.

పొద్దున డాక్టర్ గారు వీడియో చూసి, ఈసారి రెండు పక్కలా సమానంగానే వచ్చింది, చేయి కూడా బాగానే కదులుతోంది, మళ్లీ ఈఈజీ అక్కర్లేదన్నారు. ఎంతసేపు అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ ముందుకొచ్చింది.

"నూట పది కాడ ఆగింది సారూ."